ఉప్పుగాలి ఊళ్లో పాత కారు హీటర్: విప్పడం నుంచి రంగు దాకా

విశాఖలో కారుకి హీటరెందుకని చాలామంది అడుగుతారు. జులైలో వాన కురుస్తుండగా అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ముందు అద్దానికి లోపలి నుంచి ఆవిరి పట్టి మలుపు కనపడకపోతే, ధనుర్మాసంలో తెల్లవారకముందే లంబసింగి దారి పడితే, దాని విలువ తెలుస్తుంది. ఏసీ లేని పాత అంబాసిడర్‌లో అద్దం మీద చెమ్మను ఆరబెట్టేది హీటర్ ఒక్కటే. కానీ ఏళ్ల తరబడి వాడకపోవడంతో చాలా బళ్లలో హీటర్ పెట్టె తుప్పు పట్టి, ఇంజన్ వేడి నీళ్లు తిరిగే సన్నగొట్టాల అమరిక అయిన కోర్‌లో గార (నీటి లవణాలు గట్టిపడిన పొర) పేరుకుని, మోటారు బిగుసుకుపోయి ఉంటుంది.

కింద చెప్పిన పద్ధతి రేకు పెట్టె, రాగి లేదా ఇత్తడి కోర్, విడి మోటారు ఉన్న హీటర్లకి. అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ ఇంజన్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాం. మిగతా పాత బళ్లకీ పనితీరు దాదాపు ఇదే. ముందుగా ఒక్కమాట. సముద్రపు ఊళ్లో ఈ పని చెడిందంటే చాలావరకు అది రంగు తప్పు కాదు, రంగు కింద మిగిలిన ఉప్పు తప్పు. రేకు గుంటల్లో ఉప్పు ఉండిపోతే అది రంగు పొర గుండా గాలిలోని తేమను లోపలికి లాగుతుంది. అక్కడ చిన్న పొక్కు లేస్తుంది, పొక్కు కింద తుప్పు మొదలవుతుంది. ఎంత ఖరీదైన పెయింటు వేసినా ఇది ఆగదు. అందుకే ఈ పనిలో సగం సమయం కడగడానికీ ఆరబెట్టడానికీ పోతుంది, పోనివ్వాలి.

విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ ఎర్త్ వైరు తీయండి. తొలినాటి బ్రిటిష్ డిజైన్ బళ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది కాబట్టి ఏ టెర్మినల్ బాడీకి వెళ్తోందో చూసి తీయాలి. రేడియేటర్ కింది ట్యాప్ తిప్పి కూలెంట్‌ని వెడల్పాటి టబ్బులో పట్టండి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, అది విషం. కాబట్టి నేల మీద వదలొద్దు, మూత ఉన్న డబ్బాలో పోయండి.

హీటర్ కోర్‌కి వెళ్లే రెండు రబ్బరు పైపులను తిప్పి లాగకండి. పాత రబ్బరు ఇత్తడి గొట్టానికి అతుక్కుపోయి ఉంటుంది. మెలితిప్పితే గొట్టం కోర్‌కి మాటు (సోల్డర్) వేసిన చోట చిరుగుతుంది. బ్లేడుతో పైపును పొడవునా కోసి ఒలిచేయండి. పైపు ఎలాగూ కొత్తది వేయాల్సిందే. కోసేటప్పుడు బ్లేడు ఇత్తడి మీద గీత పడనివ్వకండి, ఆ గీత వెంటే తర్వాత నీరు కారుతుంది.

కంట్రోల్ కేబుల్ బిగించిన చోట విప్పేముందు, హీటర్ లోపల గాలి దారిని మూసే తలుపు రేకు పూర్తిగా మూసి ఉన్నప్పుడు లీవర్ ఎక్కడుందో మార్కర్‌తో గుర్తు పెట్టండి. ప్రతి వైరుకీ కాగితం టేపు చుట్టి పేరు రాయండి. నట్లూ స్క్రూలూ ఏ చోటువి ఆ చోటు పేరుతో విడివిడి కవర్లలో వేయండి. బ్రిటిష్ తయారీ హీటర్లలో చిన్న స్క్రూలు బీఏ (పాత బ్రిటిష్ కొలత) మరలవి. 2బీఏ స్క్రూ వ్యాసం 4.7 మి.మీ., చూడ్డానికి ఇప్పటి 5 మి.మీ. మెట్రిక్ స్క్రూ ఎం5 లాగే ఉంటుంది. పాతది పోయిందని ఎం5 తెచ్చి బలవంతంగా బిగిస్తే రేకులో మర పోతుంది. కాబట్టి ఒక్క స్క్రూ కూడా పారేయకండి.

పెట్టెను బయటికి తీశాక లోపల గోనెలాంటి బూడిదరంగు పట్టీగానీ తాడుగానీ కనిపిస్తే అది ఆస్బెస్టాస్ కావచ్చని అనుకునే పని చేయండి. నీళ్లు చల్లి పూర్తిగా తడిపి, మాస్కు వేసుకుని, పొడి లేవకుండా తీసి రెండు కవర్లలో కట్టేయాలి. ఎండుగా గీకడం, ఎమరీ పెట్టడం, గాలి కొట్టడం వద్దు. పాత పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక దాన్ని కూడా తడి పేపర్‌తోనే రుద్దండి.

కోర్

ముందు మంచినీటి గొట్టం పెట్టి రెండు వైపుల నుంచీ మార్చి మార్చి నీళ్లు వదలండి. ధార సన్నగా వస్తుంటే లోపల గార ఉందని అర్థం. లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి కోర్ నింపి గంటసేపు ఉంచండి. వంపేసి, మళ్లీ నింపి ఇంకో గంట. తర్వాత లీటరుకి 10 గ్రాముల వంట సోడా కలిపిన నీటితో ఒకసారి, మంచినీటితో నాలుగైదుసార్లు కడగాలి. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం పోయొద్దు. అది గారతోపాటు ఇత్తడిలోని జింకునీ, మాటునీ తినేస్తుంది. ఆ రోజు శుభ్రంగా కనిపించిన కోర్ ఆరు నెలలకి జల్లెడవుతుంది.

ఇప్పుడు కారుతోందేమో చూడాలి. ఒక గొట్టానికి రబ్బరు బిరడా బిగించి క్లాంపు వేసి, రెండోదానికి గేజీ ఉన్న పంపు తగిలించండి. నీళ్ల టబ్బులో ముంచి 10 పీఎస్ఐ (టైర్ల గాలి కొలిచే ఒత్తిడి కొలతే) దాకా గాలి కొట్టి అయిదు నిమిషాలు చూడండి. 15 దాటనివ్వకండి, పాత మాటు తట్టుకోదు. బుడగ వచ్చిన చోట మార్కు పెట్టి రేడియేటర్ పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. గాజువాక ఆటోనగర్‌లో రాగి కోర్లకి మాటు వేసే చేతులు ఇంకా ఉన్నాయి. అల్యూమినియం రేడియేటర్లు మార్చడం మాత్రమే చేసే దుకాణానికి ఈ పని ఇవ్వకండి. గొట్టాల మధ్య పల్చటి రేకులు వంగి ఉంటే ప్లాస్టిక్ దువ్వెనతో మెల్లగా నిటారు చేయండి. వాటి మీద శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టడం) చేయిస్తే చిరిగిపోతాయి.

కోర్‌కి రంగు వేయాలా? వేయకపోయినా పనిచేస్తుంది. ఉప్పుగాలికి చిలుము పట్టకుండా పల్చటి నల్ల రేడియేటర్ పెయింటు ఒక్క పూత చాలు, అదీ ఏటవాలుగా మంచులా పడేటట్టు స్ప్రే చేయాలి. మందంగా వేస్తే రేకుల మధ్య సందులు పూడుకుపోయి గాలికి వేడి అందదు. ఇంకో ముఖ్యమైన సంగతి. పెట్టెకి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్లో కాల్చడం) చేయించేవాళ్లు కొందరు కోర్‌ని కూడా కలిపి ఇచ్చేస్తారు. పౌడర్ కోటింగ్ ఓవెన్ 180 నుంచి 200 డిగ్రీలు ఉంటుంది. సీసం, తగరం కలిసిన మాటు 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. లోపలికి కోర్‌గా వెళ్లింది బయటికి విడి ముక్కలుగా వస్తుంది.

పెట్టె: తుప్పు, ఉప్పు

మొదట సబ్బునీళ్లతో జిడ్డంతా కడగండి. జిడ్డు ఉండగా రుద్దితే అది రేకు గుంటల్లోకి దిగుతుంది. రంగూ తుప్పూ తీయడానికి రెండు మార్గాలున్నాయి.

తుప్పు పైపైనే ఉంటే లీటరుకి 80 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపిన ప్లాస్టిక్ తొట్టెలో పెట్టెను ముంచి రాత్రంతా ఉంచండి. ఉదయానికి తుప్పు నల్లని మడ్డిగా మారుతుంది, నైలాన్ బ్రష్‌తో వదులుతుంది. స్ప్రింగులు మాత్రం ఈ తొట్టెలో వేయొద్దు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసుబారి విరిగిపోతాయి. జింకు పోతపోసిన లీవర్లు, నాబ్‌లు కూడా వేయొద్దు, యాసిడ్‌లో కరుగుతాయి. వాటికి సబ్బు, మెత్తని బ్రష్ చాలు.

తుప్పు పొరలు పొరలుగా ఉంటే బ్లాస్టింగే దారి. ఈ రేకు మందం మిల్లీమీటరు కంటే తక్కువ. ఓడల పనికి కొట్టినట్టు 100 పీఎస్ఐతో కొడితే వంకర్లు పోతుంది. 40 నుంచి 50 పీఎస్ఐ, సన్నని గార్నెట్ (గట్టి ఖనిజపు రవ్వ), గన్‌ను ఒకేచోట ఆపకుండా కొట్టమని ముందే చెప్పండి. భీమిలి తీరపు ఇసుకలో గార్నెట్ సహజంగానే ఉంది కదా, అదే తెచ్చి కొట్టేద్దాం అనే ఆలోచన మాత్రం మానుకోండి. ఆ ఇసుకలో ఉప్పు ఉంటుంది, మనం వదిలించుకోవాలనుకున్నదాన్నే రేకులోకి దిగ్గొట్టినట్టవుతుంది. పైగా ఇసుక పొడిలోని సిలికా ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. కడిగి జల్లెడ పట్టి అమ్మే గార్నెటే వాడించండి.

పెట్టె అడుగున బెజ్జాలు పడితే టింకర్ చేత కొత్త రేకు ముక్క వేయించండి. పుట్టీతో కప్పకండి. పుట్టీ తేమను పట్టుకుంటుంది, రేకు వేడెక్కి చల్లారినప్పుడల్లా కొంచెం కొంచెం వదులుతుంది. అడుగున నీరు పోయే బెజ్జం వెల్డింగ్‌లో మూసుకుపోకుండా చూసుకోండి. బయటి గాలి వచ్చే జాలీ గుండా వాననీరు కూడా లోపలికి వస్తుంది, అది పోయే దారి ఇదొక్కటే.

ఇక ఉప్పు. తుప్పు తీసిన రేకును మంచినీటితో, గట్టి బ్రష్‌తో రుద్దుతూ కనీసం మూడుసార్లు కడగాలి. మీ బోరు నీరు కాస్త ఉప్పగా ఉంటే ఆ నీటితో కడగకండి. చివరి కడుగు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ఉండాలి. ఉప్పు పోయిందో లేదో చూడ్డానికి ఇంట్లో ఆర్వో ఫిల్టర్‌కి వాడే టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) పనికొస్తుంది. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ గిన్నెలో తీసుకుని అంకె చూడండి. అదే నీటిలో శుభ్రమైన దూది ముంచి తుప్పు ఎక్కువగా ఉన్న చోట బాగా తుడిచి, మళ్లీ గిన్నెలోనే పిండి, మళ్లీ చూడండి. అంకె గబుక్కున పెరిగితే ఇంకా ఉప్పుంది, మళ్లీ కడగండి. చేతికి గ్లౌజు ఉండాలి, లేకపోతే మీరు కొలిచేది మీ చెమట.

కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి, రెండు రేకులు కలిసిన సందుల్లోకి గాలి కొట్టి, హీట్ గన్ లేదా మంచి ఎండలో ఆరబెట్టండి. సందుల్లో నీరు కంటికి కనపడదు. రేకు చేతికి వేడిగా తగిలిన తర్వాత ఇంకో అరగంట ఆరనివ్వాలి. ఇక్కడి గాలిలో తుడిచిన రేకు మీద గంటలోపే పల్చటి ఎర్రపొర వస్తుంది. అందుకే కడగడం, ఆరబెట్టడం, ప్రైమర్ వేయడం మూడూ ఒక్క పూటలో అయిపోవాలి. సాయంత్రం కడిగి పొద్దున్న ప్రైమర్ వేద్దామంటే పని మొదటికొస్తుంది.

రంగు

ఎప్పుడు వేయాలన్నది ఏ రంగు వేయాలన్నదానికంటే పెద్ద ప్రశ్న. గాలి 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున సుమారు 25 డిగ్రీల చల్లదనం ఉన్న ఏ వస్తువు మీదైనా మంచు చుక్కలు పడతాయి. రేకు ఆ అంకెకి కనీసం 3 డిగ్రీలు పైన, అంటే 28 డిగ్రీలు ఉంటేనే రంగు వేయాలి. రాత్రంతా గచ్చు మీదున్న పెట్టె పొద్దున్నే అంత వేడి ఉండదు. తేమ 85 శాతం దాటితే ఆ రోజు పని మానేయండి. విశాఖలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం మూడు లోపు మంచి సమయం. పెట్టెను ఎండలో వెచ్చబెట్టి, నీడకి తెచ్చి, చేయి పెట్టగలిగేంత చల్లారాక స్ప్రే చేయండి. కాలే రేకు మీద కొడితే రంగు పరుచుకోకముందే ఆరి గరుకుగా మిగులుతుంది.

ప్రైమర్‌గా రెండు భాగాల ఎపాక్సీని మా మొదటి ఎంపికగా చెబుతాం. రెడాక్సైడ్ చవక, కానీ తేమను అంతగా ఆపదు. ఎపాక్సీని డబ్బా మీద రాసిన పాళ్లలో కొలిచి కలపండి, కంటి అంచనాతో కాదు. కలిపాక ఆగమన్నంత సేపు ఆగి, రెండు పల్చటి పూతలు వేయాలి. పూతకీ పూతకీ మధ్య 15 నుంచి 20 నిమిషాలు. ఎపాక్సీ కింద ఎచ్ ప్రైమర్ (యాసిడ్ కలిసిన ప్రైమర్) వేయొద్దు. తుప్పుని నల్లగా మార్చే ద్రావకం వాడి ఉంటే దాని యాసిడ్ పూర్తిగా కడిగేయండి. యాసిడ్ మిగిలిన చోట ఎపాక్సీ సరిగా గట్టిపడక, గోటితో గీకితే పొరగా లేచి వస్తుంది.

పై రంగు చాలా బళ్లకి నలుపే, సగం మెరుపు ఉన్నది. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు సైలెన్సర్లకి వాడే హై టెంపరేచర్ పెయింటు కొనడం. హీటర్ పెట్టె వేడి కూలెంట్ వేడిని దాటదు, అంటే సుమారు 90 డిగ్రీలు. సైలెన్సర్ పెయింట్లలో చాలావాటికి గట్టిపడాలంటేనే 200 డిగ్రీల వేడి తగలాలి. ఆ వేడి ఎప్పుడూ తగలదు కాబట్టి రంగు ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది, పెట్రోలు గుడ్డ తగిలితే ఊడొస్తుంది. మామూలు పీయూ (పాలీయురిథేన్) పెయింటు ఈ వేడిని హాయిగా తట్టుకుంటుంది.

పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. పీలిస్తే జీవితాంతం వదలని ఆస్తమా రావచ్చు. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకుండా ఇంట్లో దీన్ని స్ప్రే చేయకండి, బూత్ ఉన్న పెయింటర్‌కి ఇవ్వండి. ఇంట్లోనే చేయాలనుకుంటే మంచి సింథటిక్ ఎనామిల్‌ని సన్నని బ్రష్‌తో రెండు పూతలు వేయండి. నునుపు కాస్త తగ్గినా పెట్టెకి ఆ రక్షణ చాలు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు వాడితే తేమ రోజున తెల్లని మబ్బులా పొర వస్తుంది. థిన్నర్ వేగంగా ఆవిరై రేకు చల్లబడి, గాలిలోని తేమ దాని మీద పేరుకోవడం వల్ల ఇది వస్తుంది. నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కొద్దిగా కలిపితే ఆగుతుంది.

మూడు చోట్ల రంగు పడకూడదు: తలుపు రేకు ఇరుసు, ఎర్త్ వైరు బిగించే చోటు, ఫ్యాన్ వేగం తగ్గించే రెసిస్టెన్స్ తీగ. ఫ్యాన్ రెక్కల మీద కూడా మందంగా వద్దు, ఒక వైపు బరువెక్కితే తిరిగేటప్పుడు డాష్‌బోర్డంతా వణుకుతుంది. పెట్టె లోపలి వైపు తారు పూత కొట్టమని ఎవరైనా చెబితే వినకండి. వేడికి మెత్తబడి ఆ వాసనంతా కారులోకి వస్తుంది. మామూలు రంగు కూడా పూర్తిగా ఆరకుండా బిగిస్తే ఇదే జరుగుతుంది. పీయూకి వారం, ఎనామిల్‌కి మూడు వారాలు, రోజూ ఎండ తగిలేలా ఉంచండి.

మోటారు

విడిగా బ్యాటరీకి 10 ఆంపియర్ల ఫ్యూజుతో కలిపి పది నిమిషాలు తిప్పండి. మొదటి నిమిషంలో ఎంత కరెంటు లాగిందో, చివర్లో ఎంత లాగుతోందో మీటరుతో చూడండి. పెరుగుతూ పోతుంటే బుష్ (మోటారు ఇరుసు తిరిగే గుండ్రటి తొడుగు) పట్టేస్తోందని అర్థం. ఆ బుష్‌లు నూనె పీల్చుకునే కంచువి. పెట్రోల్‌తో కడిగితే లోపలి నూనె పోతుంది, గ్రీజు పెడితే సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోతాయి. వెచ్చని పల్చటి ఇంజన్ ఆయిల్‌లో రాత్రంతా నానబెట్టడమే మందు. కమ్యూటేటర్‌ని (కార్బన్ బ్రష్‌లు తగిలే రాగి పలకల భాగం) 600 నంబరు పేపర్‌తో పల్చగా రుద్ది, రాగి పలకల మధ్య గాడుల్లోని బొగ్గుపొడి గీకేయండి. కార్బన్ బ్రష్‌లు అరిగి పొట్టివైతే మార్చండి.

బండిని పాజిటివ్ ఎర్త్ నుంచి నెగటివ్‌కి మార్చి ఉంటే, శాశ్వత అయస్కాంతం ఉన్న మోటారు వెనక్కి తిరుగుతుంది. డ్రమ్ము లాంటి ఫ్యాన్ వెనక్కి తిరిగినా గాలి ముందుకే వస్తుంది, కాకపోతే సగం బలంతో. అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. రెండు వైర్లు తారుమారు చేస్తే చాలు.

బిగింపు

కోర్ రాగిది, పెట్టె ఇనుముది. రెండూ తగిలి మధ్యలో ఉప్పు చెమ్మ చేరితే ఇనుము తినేయబడుతుంది. మధ్యలో 6 మి.మీ. మందం రబ్బరు ఫోమ్ పట్టీ వేయండి, అదీ నీరు పీల్చని రకం. పరుపుల స్పాంజి వేస్తే అది తడిని పట్టుకుని పెట్టెను లోపలి నుంచి కుళ్లబెడుతుంది. రివెట్లు అల్యూమినియంవి కాకుండా స్టెయిన్‌లెస్‌వి వాడండి.

రంగు వేశాక మోటారు తిరగడం లేదంటే ముందుగా ఎర్త్ చూడండి. రంగు కరెంటుని ఆపుతుంది. అక్కడ రేకు మెరిసేదాకా గీకి, వైరు బిగించి, పైన వాజలైన్ రాయండి.

బీ-సిరీస్ ఇంజన్లో హీటర్ ట్యాప్ సిలిండర్ హెడ్ వెనక భాగంలో ఉంటుంది. హీటర్ లేని బళ్లలో ఆ చోట మూత ప్లేటు కనిపిస్తుంది. ట్యాప్ కింద కొత్త గాస్కెట్ వేయండి, పాతదాని మీద సీలెంటు పూసి సరిపెట్టకండి. పైపులు అసలైన హీటర్ హోసే కావాలి. పెట్రోలు పైపు వాడొద్దు, తోటకి నీళ్లుపెట్టే పైపు వేడికి మెత్తబడి క్లాంపు దగ్గర జారిపోతుంది. గొట్టం బయటి వ్యాసం కొలుచుకుని కొనండి, సాధారణంగా 13 లేదా 16 మి.మీ. ఉంటుంది.

కూలెంట్ ఒక పాలు, డిస్టిల్డ్ వాటర్ రెండు పాళ్లు కలిపి నింపండి. ఇక్కడ గడ్డకట్టే చలి లేదు, మనకి కావాల్సింది కూలెంట్‌లోని తుప్పు నిరోధకం. బండి ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద ఉండేలా నిలిపి, హీటర్ ట్యాప్ పూర్తిగా తెరిచి, రేడియేటర్ మూత తీసి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయండి. పైపుల్ని చేత్తో నొక్కుతూ బుడగలు ఆగేదాకా నింపి మూత పెట్టండి. ఇంజన్ వేడెక్కాక రెండు పైపుల్నీ తాకి చూడండి. రెండూ వేడిగా ఉంటే పని బాగా కుదిరినట్టు. ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే లోపల గాలి ఉంది, లేదా గార ఇంకా పోలేదు. ఇంజన్ మళ్లీ చల్లారాక నీటిమట్టం చూసి, క్లాంపులు అరచుట్టు బిగించండి. కొత్త రబ్బరు మొదటి వేడికి కాస్త సర్దుకుంటుంది కాబట్టి వారం తిరిగాక ఇంకోసారి బిగించి, పెట్టె కింద కార్పెట్టు తడిగా ఉందేమో చేత్తో తడిమి చూడండి.